పడవతో నీకేం పని?

మినీ ప్రాజెక్టు రివ్యూలో నాకు పడిన మొదటి ప్రశ్న ఇదే: "సీఎస్ఈ వాడివి, పడవతో నీకేం పని?" ఆ రోజు నోరు పెగల్లేదు. ఇంగ్లీష్ మీడియం వాణ్ణే అయినా జవాబు తెలుగులోనే రాస్తున్నా. తప్పులుంటే క్లబ్ సీనియర్లు సర్దుకుపోవాలి.

మాది వెంకటాచలం. కృష్ణపట్నం రేవుకి రైలు లైను మా దగ్గరే చీలుతుంది. ఆ చుట్టుపక్కల వేట పడవలు చూస్తూ పెరిగా. ఫస్టియర్‌లో ఒక వీడియోలో మాత్ అనే పోటీ పడవ చూశా. పొడవు 3.355 మీటర్లు. ఒక్క మనిషి, ఒక్క తెరచాప, ఇంజన్ లేదు. గాలి అందుకోగానే పడవ మొత్తం నీళ్ళ మీద నుంచి లేచిపోతుంది! కింద మిగిలేవి రెండు కార్బన్ రెక్కలు. వాటినే హైడ్రోఫాయిల్స్ అంటారు.

నీళ్ళు గాలికంటే దాదాపు 800 రెట్లు చిక్కన, అందుకే చిన్న రెక్క చాలు. లెక్క వేశా: రెండూ కలిపి 0.18 చదరపు మీటర్లు, వేగం సెకనుకి 5 మీటర్లు, లిఫ్ట్ కోఎఫిషియెంట్ 0.5 అనుకుంటే సుమారు 117 కిలోలు లేస్తాయి. మనిషీ పడవా కలిపితే అటూఇటూగా అంతే. ఎత్తు చూసుకునేది ముందు వేలాడే ఒక పుల్ల. పడవ కిందకి దిగితే నీళ్ళు ఆ పుల్లని వెనక్కి నెడతాయి, రెక్క ఫ్లాప్ కిందకి వంగి లిఫ్ట్ పెరుగుతుంది. ఎక్కువ లేస్తే అంతా తిరగబడుతుంది. అచ్చమైన ఫీడ్‌బ్యాక్ లూప్, ఒక్క లైను కోడ్ లేదు. సీఎస్ఈ వాడికి ఇంతకంటే మంచి పాఠం ఏముంది?

మాత్‌ది సొంతంగా కట్టుకునే సంప్రదాయం. 1928లో ఆస్ట్రేలియాలో లెన్ మోరిస్ కట్టిన పడవతో మొదలైంది. రెక్కల మాత్‌కి దారి వేసినవాళ్ళలో పెర్త్‌కి చెందిన ఐలెట్ అన్నదమ్ములు ఉన్నారు. 2005లో రోహన్ వీల్ రెక్కల మీదే ప్రపంచ చాంపియన్ అయ్యాడు.

నేను సిమ్యులేషన్ చేసి, అంతా వచ్చేసిందనుకున్నా. మే నెల మధ్యాహ్నం మిద్దె మీద ఎపాక్సీ రెజిన్ మొత్తం ఒకే మగ్గులో కలిపా. పది నిమిషాల్లో మగ్గు వేడెక్కి పొగలొచ్చాయి. కార్బన్ గుడ్డ సగం తడవకముందే రెజిన్ రాయైపోయింది. ఆ రెక్క కాస్త వంచగానే పొరలు ఊడొచ్చాయి.

నా తప్పు చెప్పింది ప్రొఫెసర్ కాదు, ఫైబర్ పడవలు రిపేరు చేసే ఒకన్న. "ఒకేసారి అంత కలపబాకు నాయనా. ఎండెక్కకముందే పని మొదలుపెట్టు. కొంచెం కొంచెం కలిపి వెడల్పు పళ్ళెంలో పొయ్యి, వేడి నిలవదు" అన్నాడు. గుడ్డలో గాలి బుడగలు రోలర్‌తో ఎలా తియ్యాలో చేత్తో చూపించాడు. ఆయన వాడేది పాలియెస్టర్ రెజిన్, అందులో గట్టిపడే మందు కాస్త అటూఇటూ వెయ్యొచ్చు. ఎపాక్సీలో ఆ కొలత మార్చకూడదని నేను చెప్పా. ఆయన శ్రద్ధగా విన్నాడు.

కార్బన్ ఖరీదు కదా, డబ్బున్నోళ్ళ ఆట కదా అంటారు. నిజమే. కానీ నేర్చుకోడానికి గ్లాస్ ఫైబర్ చాలు. సన్నగా ఉండీ వంగకూడని చోటే కార్బన్ కావాలి, దాని పోగు గ్లాస్ కంటే మూడు రెట్లు బిగువు. అసలు అడ్డం డబ్బు కాదు, చేతికి మురికంటే పని ఇంజనీరింగ్ కాదనే మన నమ్మకం. ఏ కాలేజీ అయినా ఒక షెడ్డు, ఒక వాక్యూమ్ పంపు ఇచ్చి, ఆ అన్నలాంటి వాళ్ళని గౌరవంగా పిలిచి పాఠం చెప్పించాలి. చెడిపోయిన రెక్కకి కూడా మార్కులెయ్యాలి, ఎందుకు చెడిందో చెప్పగలిగితే.

నా దగ్గర ఇంకా పడవ లేదు. కానీ రెండో రెక్కని ఆయన పడవ పక్కన నీళ్ళలో పట్టుకుంటే నా రెండు చేతుల్నీ పైకి తోసేసింది. మూడోది వచ్చే ఆదివారం. ఏ బ్రాంచి వాళ్ళైనా రావచ్చు. గ్లవ్స్, మాస్క్ తెచ్చుకోండి, ఎండెక్కకముందే రండి.