ఏటిగట్టే మన కొండ

గౌతమీ వసిష్ఠల నడుమ గోదావరి తెచ్చి పోసిన ఒండ్రుమట్టితో ఏర్పడిన కోనసీమలో కొండ యన్నది లేదు. కొత్తపేట నుండి అమలాపురము మీదుగా రాజోలు వరకు పోయినను బాటసారి కాలికి తగులు ఎత్తు ఏటిగట్టును, పాయలపై వంతెనల కెక్కు దారులును మాత్రమే. అందుచేతనే కాబోలు, దారిని దూరముతో కొలుచుటయే గాని ఎత్తుతో కొలుచు అలవాటు మనకు లేదు. మ్రొక్కుకొని అలిపిరి మెట్లెక్కిన నాడు గాని ఆ లోటు మన మోకాళ్ళకు తెలియదు.

తెల్లవారుజామున గట్టు మీద పోలీసు ఉద్యోగమునకో, సైన్యమునకో 1600 మీటర్ల పరుగు సాధన చేయు మన పిల్లలను చూచునపుడెల్ల వారికొక మాట చెప్పవలెనని తోచును. 60 కిలోల బరువు గలవాడు సమతలముపై ఒక కిలోమీటరు పరుగెత్తినచో సుమారు 60 కిలోకాలరీల శక్తి వ్యయమగును. వడిగా పరుగెత్తినను మెల్లగా పరుగెత్తినను ఆ మొత్తములో భేదము స్వల్పమే. కాని 100 మీటర్లకు 10 మీటర్లు లేచు వాలుపై ఆ కిలోమీటరునకే సుమారు ఒకటిన్నర రెట్లు వెచ్చింపవలసి వచ్చును. ఏలయనగా, చదునైన నేలపై అడుగు పడినప్పుడు మడమ వెనుకనున్న స్నాయువు సాగి, ఆ శక్తిని కొంత దాచుకొని, మరుక్షణమే అడుగు లేచుటకు తిరిగి యిచ్చును. ఎక్కునపుడు ఆ పొదుపు సన్నగిల్లి, దేహభారమును కండరము తానే పైకెత్తవలసి యుండును. ఆ కండరమైనను తాను వెచ్చించు శక్తిలో ఇంచుమించు నాలుగవ వంతును మాత్రమే పనిగా మార్చగలదు. తక్కినదంతయు వేడిమియే, చెమట ఆరని మన సముద్రతీరపు గాలిలో ఆ వేడిమి ఎంత బాధించునో వేరుగ చెప్పనక్కరలేదు.

దిగుటలోను ఒక విశేషమున్నది. పర్వతములపై పరుగెత్తుటలో ఆరితేరినవారిని ట్రెడ్‌మిల్లుపై పరీక్షించి పరిశోధకుడు ఆల్బెర్టో మినెట్టి బృందము 2002లో తేల్చినదేమనగా, 100కు 20 చొప్పున దిగు వాలులో వ్యయము సమతలమున నగుదానిలో సుమారు సగమే. వాలు అంతకు మించినచో నిలద్రొక్కుకొనుటకే అది మరల పెరుగును.

కావున గట్టెక్కు బాట మీద వారమున కొకటి రెండు దినములు చిన్న చిన్న పరుగులు తీయుట మేలని నా దృఢాభిప్రాయము. అక్కడ తక్కువ వేగముననే గుండెకును ఊపిరితిత్తులకును నిండు శ్రమ కలుగును, కాలికి నేల తాకిడియు తగ్గును. శిక్షకులకు నా మనవి: ఎక్కునపుడు గడియారము చూచి పిల్లలను మందలింపకుడు, వారి ఊపిరిని చూడుడు. పిల్లలారా, పచ్చిక వాలును త్రొక్కి మట్టి జార్చక, ఉన్న బాటనే ఎక్కుడు. 1986 ఆగస్టు గోదావరి వరదను చూచిన మీ తాతల నడిగినచో ఆ మట్టి విలువ చెప్పుదురు. దిగుటలో శ్రమ తక్కువే యని పరుగెత్తక, నడచియే దిగుడు.