మన నేలకు భయం లేదట!

2024 డిసెంబరు 4వ తేదీ ఉదయం, ఏడున్నర కావడానికి రెండు మూడు నిమిషాలుందనగా, ఖమ్మంలో మా వంటింటి అరమీది గిన్నెలు గలగలమన్నవి. పిల్లి అనుకొన్నాను. నేను కూర్చున్న కుర్చీయే కదలిన తరువాత గదా తెలిసినది! గబగబ వీథిలోనికి వచ్చి చూతును గదా, ఇరుగుపొరుగువారందరూ ఎదుటి మూడంతస్తుల మేడ పిట్టగోడ క్రిందనే గుమిగూడి ఉన్నారు. నేనును పోయి వారి నడుమనే నిలబడ్డాను.

ములుగు జిల్లాలో పుట్టిన ఆ కంపం తీవ్రత 5.3. హైదరాబాదు, విజయవాడల దాకా తెలిసినది. సాయంత్రానికి అందరి నోటా ఒకటే మాట: "స్వల్పమే లెండి, మన నేలకు భయం లేదు."

మిత్రులారా, ఈ మాటతోనే నా తగవు.

దక్కను పీఠభూమి గట్టి రాయి, కదలదని సాంఘిక శాస్త్రంవారు చెప్పినారు. నేను మాత్రం తక్కువ తిన్నానా? భూమికి అమరకోశంలో అచల అనియు, స్థిర అనియు పేర్లున్నవని ముప్పదియేండ్లు వ్యుత్పత్తితో సహా వల్లె వేయించినాను. 1969 ఏప్రిల్ 13న భద్రాచలం ప్రాంతంలో 5.7 తీవ్రతతో నేల అదిరిన నాడు నాకు పదేండ్లు. మా నాయనమ్మ మమ్మల్నందరినీ పెరటిలోనికి ఈడ్చుకొని పోయినది. ఆ సంగతి తరగతిలో ఒక్కనాడైనా చెప్పిన పాపాన పోలేదు. నిఘంటువు ముందు నాయనమ్మ ఏపాటిది!

గోదావరి పారే ఆ లోయ భ్రంశాల నడుమ నేల దిగబడి ఏర్పడినది. ఆ పాత పగుళ్ళలో ఒత్తిడి పేరుకొని ఎప్పుడో ఒకప్పుడు జారుతుంది. అరుదే, కాదనను. అరుదు వేఱు, అసంభవం వేఱు.

లాతూరువారూ మనవలెనే నిశ్చింతగా నిద్రించినారు. 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున కిల్లారి ప్రాంతంలో వచ్చినది 6.2. హిమాలయాల లెక్కలో అది గొప్ప కంపమేమీ కాదు. అయినను ఇంచుమించు పదివేలమంది పోయినారు. వారిలో ఎక్కువమందిని చంపినవి మట్టితో పేర్చిన మందపు రాతిగోడలు.

"ఎందుకండీ మాస్టారూ భయపెడతారు?" అంటారు. నేల ఊగునప్పుడు బల్ల క్రింద దూరి తల కాచుకొమ్మనియు, ఊపు ఆగినాకనే వెలుపలికి వచ్చి మేడలకు, కరెంటు తీగలకు ఎడంగా నిలువుమనియు పిల్లలకు చెప్పుట భయపెట్టుటా? ఒక పద్యానికి ప్రతిపదార్థం చెప్పినంతసేపు పట్టదే!

ఇక పెద్దల సంగతి. మా వీథి చివర ఒక మేడ లేచుచున్నది. క్రింద వాహనాలకని గోడలు లేకుండ సన్నని స్తంభాలు, వాటిమీద నాలుగంతస్తులు. స్తంభాల ఇనుముకు చుట్లు ఇంకొంచెం దగ్గరగా కట్టరాదా అని మేస్త్రీని అడిగినాను.

"మనకు భూకంపాలు రావు గదండీ" అన్నాడు. ఎక్కడ చదివినావోయి అని అడుగబోయి ఊరకుంటిని. మా బడిలోనే చదివినాడేమో!