తైలబిందువు – సత్యనిష్ఠ

ఎలక్ట్రాన్ ఆవేశాన్ని తూచగల త్రాసు లేదు. అయినను చికాగో విశ్వవిద్యాలయంలో రాబర్ట్ మిల్లికన్, హార్వే ఫ్లెచర్ 1909లో ఆరంభించిన ప్రయోగం ఆ పని సాధించింది. రెండు లోహఫలకాల నడుమ నూనె తుంపరలను జారవిడిచి, విద్యుత్ క్షేత్రంతో వాటి పతనాన్ని అదుపు చేశారు. పడే వేగాన్ని బట్టి బిందువు బరువు, క్షేత్రంలో దాని చలనాన్ని బట్టి ఆవేశం తెలిశాయి. ప్రతి ఆవేశమూ ఒకే కనిష్ఠ ప్రమాణానికి పూర్ణాంక గుణిజమే!

1913లో మిల్లికన్ 58 బిందువుల ఫలితాలను ప్రకటిస్తూ, అవి ఏరినవి కావని, వరుసగా అరవై దినాలలో పరిశీలించినవన్నీ అవేనని వ్రాశారు. ఆయన నోటు పుస్తకాలలో అంతకంటె చాలా ఎక్కువ బిందువులున్నట్లు 1978లో జెరాల్డ్ హోల్టన్ చూపారు. కొన్నింటిని విడిచిపెట్టడానికి తగిన కారణాలుండవచ్చు. విడువలేదని చెప్పడమే దోషం.

గాలి స్నిగ్ధతను తక్కువగా గ్రహించినందున ఆయన విలువ సుమారు 1.592×10⁻¹⁹ కులూంబులే అయింది. నేటి విలువ 1.602×10⁻¹⁹. తరువాతివారు ఆ పెద్దాయన అంకెకు దూరమైన తమ ఫలితాలనే శంకించి, సరియైన విలువను మెల్లమెల్లగా చేరారని రిచర్డ్ ఫైన్‌మన్ 1974లో ఎత్తిచూపారు.

మన ప్రయోగశాలలలోనూ ఇదే భయం. పుస్తకంలోని విలువను ముందుగా చూచుకొని, రికార్డును దానికి సరిపెట్టడం అలవాటైంది. తప్పు విద్యార్థిది మాత్రమే కాదు. సరిపోయిన అంకెకే మార్కులు వేసే అధ్యాపకులదీ. కంటికి కనిపించిన అంకె మన చేతిలోని అమానతు. తేడా వస్తే తేడానే వ్రాసి, కారణం వెదకాలి. అట్టి రికార్డుకు పూర్తి మార్కులు వేయడం మన విధి.