లెక్కలో పూర్తి... గోడకేమో చెమ్మ!

గోడకి చెమ్మ, బిగించని స్విచ్చుబోర్డు, సరిగా పడని తలుపు... అపార్ట్‌మెంట్ కడుతుంటే ఇలాంటి లోపాలు వందల్లో బయటపడతాయి. వీటిని ఆటోక్యాడ్ తయారుచేసే ఆటోడెస్క్ సంస్థ సాఫ్ట్‌వేర్‌లో ఫొటోలతో సహా నమోదుచేసుకోవచ్చు. ఏపీఐ అన్నది దానికి కౌంటర్‌లాంటిది. మరో ప్రోగ్రామ్ వచ్చి అడిగితే చాలు... 'ఓపెన్', 'కంప్లీటెడ్', 'క్లోజ్డ్'- ఏ దశలో ఎన్ని లోపాలున్నాయో క్షణాల్లో లెక్క తేలిపోతుంది.

చిక్కల్లా ఒక్కటే. సాధారణంగా 'కంప్లీటెడ్' అంటే బాగుచేశామని పనివాళ్లు చెప్పడం. 'క్లోజ్డ్' అంటే ఇంజినీరు స్వయంగా చూసి సరేననడం. రెండూ కలిపేస్తే కాగితంమీద లెక్క ముచ్చటగానే ఉంటుంది. అసలు సంగతి తొలి వానకి గోడే చెబుతుంది! అందుకే తాళాలు అందుకునేముందు 'ఎన్ని పూర్తిచేశారు' అని కాదు, 'చూసి సరేనన్నవి ఎన్ని' అని అడగాలి.