సుద్దముక్క ఎవరి చేతిలో ఉండవలెను?

బాస్కెట్‌బాల్‌కు ఆ పేరు సూచించినవాడు ఒక విద్యార్థి. 1891 డిసెంబరులో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్ నగరంలో, వై.ఎం.సి.ఏ. శిక్షణ పాఠశాలలో, జేమ్స్ నైస్మిత్ అను ఉపాధ్యాయుడు ఎవరి మాటా వినని 18 మంది యువకుల తరగతికై 13 నియమాలతో ఒక క్రొత్త ఆటను కల్పించినాడు. ఆ ఆటకు గురువు పేరే పెడదామని ఫ్రాంక్ మహాన్ అను శిష్యుడు కోరగా ఆయన ఒప్పుకొనలేదు. అట్లయితే 'బాస్కెట్ బాల్' అందామని ఆ శిష్యుడే అన్నాడు, గురువు అంగీకరించినాడు. పుట్టుకలోనే శిష్యుని మాటకు ఇంత చోటిచ్చిన ఆటలో నేడు శిష్యుడు నోరు మెదపకుండుట మాకు వింతగా తోస్తున్నది.

మా జట్టు సంగతే తీసుకొందము. పోటీకి ముందు ఒక తరగతి గదిలో మమ్ములను కూర్చుండబెట్టి, మా శిక్షకులు నల్లబల్లపై వలయాలు, బాణపు గుర్తులు గీస్తారు. "అర్థమైనదా?" అంటారు. "అయినది సార్" అంటాము. మాలో కొందరి ఇంటిభాష ఉర్దూ, కొందరిది తెలుగు. బల్లపై మాటలన్నీ ఆంగ్లము. ఎవరికి ఎంత అర్థమైనదో ఎవరూ అడుగరు, మేమూ చెప్పము.

గత సంవత్సరం ఒక పోటీలో ప్రత్యర్థులు ఉన్నట్టుండి 2-3 జోన్ రక్షణకు మారినారు. ముందు ఇద్దరు, వెనుక ముగ్గురు నిలిచే ఆ అమరికలో ఫ్రీ త్రో గీత నడుమ ఖాళీ ఏర్పడుతుంది. అక్కడ ఒకరికి బంతి అందితే ముందరి ఇద్దరూ, వెనుక మధ్యవాడూ ఎటు కదలవలెనో తోచక తికమకపడతారు. ఇది మాకు బల్లపై చూపినదే. అయినను మేము బంతిని వెలుపలనే త్రిప్పుతూ శిక్షకులవైపు చూచినాము. ప్రేక్షకుల కేకలలో ఆయన మాట వినిపించలేదు. 24 సెకండ్లు గడచిపోయినవి, ఒకసారి కాదు, మూడుసార్లు. ఆ ఓటమికి ఆయనను తప్పుపట్టుట లేదు. ఆయన గీసిన బొమ్మ సరియైనదే. కాని అది ఆయన బొమ్మ, మాది కాదు.

అంతర్జాతీయ నియమాల ప్రకారం ఆట 40 నిమిషాలు. అందులో శిక్షకునికి లభించే టైమ్ అవుట్‌లు 5, ఒక్కొక్కటి ఒక్క నిమిషము. తక్కిన కాలమంతా నిర్ణయాలు ఆటగానివే. అట్టి నిర్ణయాలకు అలవాటు గదిలోనే పడవలదా?

2018 ఫిబ్రవరిలో గోల్డెన్ స్టేట్ వారియర్స్ శిక్షకుడు స్టీవ్ కెర్ ఫీనిక్స్ జట్టుతో పోటీలో పథకాల పలకను తన ఆటగాండ్ర చేతికే ఇచ్చినాడు. ఇగ్వొడాలా, డ్రేమండ్ గ్రీన్ మొదలగువారు టైమ్ అవుట్‌లలో తామే బొమ్మలు గీసి, తోటివారికి చెప్పినారు. వారు 129-83తో గెలిచినారు. ఇది తమకు అవమానమని ప్రత్యర్థులలో కొందరు నొచ్చుకొన్నారు. తన కంఠస్వరం విని విని ఆటగాండ్రు విసిగియున్నారని కెర్ చెప్పిన కారణము మాత్రం మాకు నచ్చినది.

వారు అప్పటికే విజేతలు, మీరు నేర్చుకొనేవారు గదా అని పెద్దలు అనవచ్చును. నిజమే. పలక మొత్తం మాకప్పగించి ఉస్తాద్ ప్రక్కకు తొలగిపోవలెనని మేము కోరుట లేదు. పన్నెండేండ్లలో పది జాతీయ విజయాలు సాధించిన యు.సి.ఎల్.ఏ. శిక్షకుడు జాన్ వుడెన్ మౌనముని కాడు. 1974-75లో ఇద్దరు మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఆయన అభ్యాసాలను గమనించి 2,326 బోధనాంశాలను లెక్కించినారు. వాటిలో సగం, ఏమి చేయవలెనో ఎట్లు చేయవలెనో తెలిపే సూచనలే. పొగడ్తలు నూటికి ఏడు. ఆయన ఒకప్పుడు ఉన్నత పాఠశాలలో ఆంగ్ల ఉపాధ్యాయుడు. మాకును అట్లే సూచనలు కావలెను. అయితే సూచనకు ముందు ఒక ప్రశ్న కావలెను: "ఇక్కడ నీవు నిలిచి ఉంటే నీకేమి కనిపిస్తున్నది?" దానికి ఆటగాడు లేచి, సుద్దముక్క పట్టి, సగం ఉర్దూలో సగం తెలుగులో తప్పో ఒప్పో చెప్పవలెను. తప్పు గదిలో దొరకిపోతే మైదానంలో మిగలదు.

కళాశాల సంఘమువారికి మా విన్నపము చిన్నది. క్రొత్త బంతులు వచ్చే సంవత్సరం ఇప్పించినను సరే. వారానికి ఒక సాయంత్రం, ఒక్క గంట, ఒక తరగతి గది కావలెను. నాలుగు గంటలకే గదులన్నిటికీ తాళాలు పడుతున్నవి. ఒక్క తాళంచెవి మా శిక్షకుల వద్ద ఉంచవలసినదిగా కోరుచున్నాము. సుద్దముక్కలు మేము తెచ్చుకొంటాము.