రెండు లంకలు

మా మలికిపురం లంకలో ఊరు. ఒకవైపు వశిష్ఠ, ఇంకోవైపు వైనతేయ, కింద సముద్రం. సఖినేటిపల్లి రేవులో పంటెక్కి నరసాపురం వెళ్లొచ్చేవాళ్లకి నీళ్ల మధ్య బతకడమంటే ఏమిటో ఒకరు చెప్పక్కర్లేదు. అందుకే మారిషస్ గురించి ఎప్పుడు చదివినా నాకు పరాయి దేశం అనిపించదు.

కొలతలు చూడండి. 2022లో ఏర్పడినప్పుడు కోనసీమ జిల్లా విస్తీర్ణం సుమారు 2,083 చదరపు కిలోమీటర్లు. రోడ్రిగ్స్ దీవితో కలిపి మారిషస్ దేశమంతా 2,040. జనంలో మనమే పెద్ద: ఇక్కడ అప్పటికి 17 లక్షలు, అక్కడ 12 లక్షల పైచిలుకు. ఆ దేశానికి సొంత రూపాయి ఉంది, ఐక్యరాజ్యసమితిలో చోటుంది, ఓటర్లు ఎన్నుకునే 62 మందితో శాసనసభ ఉంది. 2024 నవంబరులో ఆ ఓటర్లు 60 సీట్లు ప్రతిపక్ష కూటమికిచ్చి పాత ప్రభుత్వాన్ని సాగనంపారు.

మనకీ వాళ్లకీ చుట్టరికం కోరంగి రేవు దగ్గర కలిసింది. 1839 తుపాను ఆ రేవును తుడిచిపెట్టేసింది. అయినా 1843లో ‘కోరంగి ప్యాకెట్’ అనే ఓడ తెలుగు కూలీలను పోర్ట్ లూయీకి చేర్చింది. అక్కడ మనవాళ్లకి కొరంగీలన్న పేరు ఈ రేవు పెట్టిందే. ఐదేళ్ల ఒప్పందం, నెలకి ఐదు రూపాయలు. ఒకరోజు పనిలోకి రాకపోతే రెండు రోజుల కూలి కోత. చెరకు తోటల్లో ఆ బతుకు బానిసత్వానికి బెత్తెడు దూరం. అయినా రామభజనలు, అమ్మోరు పండగ, సింహాద్రి అప్పన్న పూజ తోటల్లోనే నిలిపారు. ఈనాటికీ అక్కడ ఉగాదికి దేశమంతా సెలవు. 1990లో ప్రపంచ తెలుగు మహాసభలు అక్కడే జరిగాయి.

కూలీల బిడ్డలు పాలకులు ఎలా అయ్యారు? నన్ను ఎక్కువగా ఆలోచనలో పడేసేది 1948 ఎన్నిక. అంతవరకు ఆస్తి ఉన్నవాడిదే ఓటు. ఆ ఏడు, ద్వీపంలో మాట్లాడే భాషల్లో ఏ ఒక్కదానిలోనైనా చిన్న వాక్యం చదివి, రాయగలిగితే చాలన్నారు. బసుదేవ్ బిసూన్‌దయాల్ వంటి వాళ్లు పల్లెపల్లెకీ వెళ్లి రాత్రిబళ్లు నడిపారు. పొద్దంతా చెరకు నరికిన చేతులు దీపం ముందు పలక పట్టాయి. తోట యజమాని గుప్పెట్లో ఉన్న సభ ఆ ఒక్క ఎన్నికతో చేయి జారింది. 1968 మార్చి 12న స్వాతంత్ర్యం వచ్చేసరికి ఓటు అలవాటైన ప్రజ తయారుగా ఉంది.

స్వాతంత్ర్యానికి ముందు వాళ్ల స్థితి మనకి బాగా అర్థమవుతుంది. ఒక్క చెరకే ఆధారం. 1960లో కరోల్ తుపాను ఆ పంటనీ ఇళ్లనీ నేలమట్టం చేసింది. మరుసటేడు ఆర్థికవేత్త జేమ్స్ మీడ్ పెరిగే జనాభాని చూసి, ఈ దీవికి మంచి రోజులు కష్టమే అన్నాడు. ఆయన లెక్క తప్పలేదు. ఆ లెక్క అలాగే మిగలకుండా వాళ్లే చూసుకున్నారు. చక్కెర ఎగుమతుల మీద పన్ను వేసి ఆ సొమ్ము ఖజానాకి తెచ్చారు. 1970 నుంచి ఎగుమతుల కోసం బట్టల ఫ్యాక్టరీలు రప్పించారు. ఎంతోమంది ఆడవాళ్లు మొదటిసారి జీతం అందుకున్నది అక్కడే. 1975లో విద్యార్థులు రోడ్డెక్కారు, 1977 నుంచి హైస్కూలు చదువు ఉచితమైంది. మచ్చలు లేవనను. చెరకు భూముల్లో పెద్ద భాగం ఇంకా కొన్ని పాత కుటుంబాలదే. బానిసల సంతతి క్రియోల్ జనం వెనకే ఉండిపోయారు. ఇప్పుడు ఆ ఫ్యాక్టరీల్లో బంగ్లాదేశ్ నుంచి ఒప్పందం మీద వచ్చిన కూలీలున్నారు.

మనకి 1996 నవంబరు 6 తుపాను కరోల్ లాంటిది. ఒక్క రాత్రిలో తోటలు పడిపోయాయి. మళ్లీ మొక్కలేశాం, మళ్లీ కొబ్బరే. దింపు కూలి, వలుపు కూలి పోను అంబాజీపేట ధర ఏపాటి మిగిల్చితే అదే. 2011లో వరి రైతు పంట విరామం ప్రకటించాడు. నేల కింది గ్యాస్ గొట్టాల్లో పోతూనే ఉంది. 2014లో పక్కనున్న నగరం గ్రామంలో ఆ గొట్టమే పేలి మనుషుల్ని కాల్చేసింది. మా వీధుల్లో కొత్త డాబా కనపడితే దాని వెనక కువైట్లోనో ఖతార్లోనో మస్కట్లోనో ఒక ఇంట్లో అంట్లు తోముతున్న అమ్మాయి ఉంటుంది. పాస్‌పోర్టు సేటు దగ్గర, జీతం సేటు దయ, మధ్యలో ఏజెంటు. ఎన్నేళ్లు చేసినా ఆమె ఆ దేశానికి పౌరురాలు కాదు, అక్కడ ఓటు రాదు. 1843లో వెళ్లినవాడి మనవడికి దక్కింది ఈమె మనవరాలికి దక్కదు.

ఇంకో తేడా నన్ను నిద్రపోనివ్వదు. మారిషస్‌లో మోకా ఊళ్లో మహాత్మాగాంధీ సంస్థ ఉంది. ఒప్పంద కూలీల రిజిస్టర్లు అక్కడ భద్రంగా ఉన్నాయి: మనిషి నంబరు, తండ్రి పేరు, ఊరు, దిగిన ఓడ. తర్వాతి కాలం వాళ్ల ఫొటోలు కూడా. మునిమనవలు వెళ్లి పేరు వెతుక్కుంటారు. ఆ పుస్తకం యజమాని అవసరానికే రాశారు, అయినా మనిషి జాడ మిగిల్చింది. విజిట్ వీసా మీద మా లంక దాటిపోయిన ఆడపిల్ల పేరు మాత్రం మండలంలో ఏ పుస్తకంలోనూ ఉండదు. ఆమె ఫోను మూగబోతే తల్లి వెతకాల్సింది ఏజెంటు ఇంటినే.

మండల కార్యాలయంలో ఒక రిజిస్టరు తెరవమని అడుగుతున్నాను. వెళ్లే మనిషి పేరు, ఊరు, పంపుతున్న ఏజెంటు, చేరే ఇంటి చిరునామా, ఒప్పుకున్న జీతం, తిరిగొచ్చే తేదీ. కొరంగీలు ఓడ దిగినప్పుడు పోర్ట్ లూయీలో గుమాస్తా రాసుకున్నంత.

— వైనతేయ