మనవడి పంచాంగం

2025 ఉగాదికి నేను అమెరికాలో, మా అమ్మాయి దగ్గర ఉన్నాను. ఊరు ఫ్రిస్కో. టెక్సస్‌లో డాలస్‌కి ఉత్తరాన ఉంటుంది. మనవాళ్లు ఎంతమంది ఉన్నారంటే, కూరగాయల కొట్టులో గోంగూర దగ్గర అయిదు నిమిషాలు నిలబడితే చాలు, ఎవరో ఒకరు "మీదే ఊరండీ?" అంటారు. ఆ సాయంత్రం గుళ్లో పంచాంగ శ్రవణం. విశ్వావసు నామ సంవత్సరంలో ఏ రాశికి ఆదాయమెంత, వ్యయమెంత, రాజపూజ్యం ఎంత, అవమానం ఎంత... సిద్ధాంతిగారు ఓపిగ్గా చదివారు. తిరిగి వస్తుంటే కారులో మా పదమూడేళ్ల మనవడు అడిగాడు.

"తాతయ్యా, లాస్ట్ ఇయర్ చెప్పినవి ఎన్ని కరెక్టయ్యాయో ఎవరైనా స్కోర్ వేస్తారా?"

"వెయ్యర్రా" అన్నాను.

"నేను వేస్తా" అన్నాడు. ముందు సీట్లో మా అల్లుడు నవ్వు ఆపుకున్నాడు.

వాడు చెబుతున్నది పంచాంగం సంగతి కాదని ఇంటికెళ్లాక తెలిసింది. ఫ్రిజ్ తలుపు మీద ఒక కాగితం అంటించి ఉంది. ఒకటి నుంచి 32 దాకా అంకెలు, ఒక్కో అంకె పక్కన ఒక జట్టు పేరు, ఒక కుర్రాడి పేరు. దాన్ని మాక్ డ్రాఫ్టు అంటారట. అమెరికన్ ఫుట్‌బాల్‌లో ఏ కుర్రాణ్ని ఏ జట్టు తీసుకోబోతోందో ముందే రాసిపెట్టుకోవడం. ఏప్రిల్ 24న అసలు ఎంపిక. నెలరోజుల్లో ఆ కాగితం నాలుగుసార్లు మారింది.

ఫుట్‌బాల్ అని పేరేగానీ ఆ ఆటలో బంతి ఎక్కువసేపు చేతుల్లోనే ఉంటుంది. నాకు ఆట సగమే అర్థమైంది. ఎంపిక పద్ధతి మాత్రం వెంటనే బుర్రకెక్కింది. ఎందుకంటే అది మన ఎంసెట్ కౌన్సెలింగ్‌కి (ఇప్పుడు ఈఏపీసెట్ అంటున్నారు లెండి) సరిగ్గా తలకిందులు. మన దగ్గర మొదటి ర్యాంకువాడు తనకి కావలసిన కాలేజీ కోరుకుంటాడు. అక్కడ జట్లే వరుసలో నిలబడి పిల్లల్ని కోరుకుంటాయి. అందులోనూ కిందటి సీజన్‌లో అందరికంటే అధ్వానంగా ఆడిన జట్టుది మొదటి వంతు, కప్పు గెలిచినవాళ్లది చివరి వంతు. ఐపీఎల్ వేలంలాగా డబ్బు పాట ఉండదు. పిల్లవాడికి "నేను ఆ ఊరు వెళ్లను" అనే వీలూ దాదాపు ఉండదు. ఏడు రౌండ్లు. 32 జట్లుండే మొదటి రౌండులో 2025లో ఒక్కో జట్టుకి పది నిమిషాల గడువు ఉండేది. పరువూ డబ్బూ అంతా ఆ మొదటి రౌండులోనే.

1936లో ఫిలడెల్ఫియాలో ఒక హోటల్లో ఇది మొదలైనప్పుడు ఉన్నవి తొమ్మిది జట్లు. 90 పేర్లు నల్లబల్ల మీద రాసుకుని ఎంచుకున్నారు. మొట్టమొదట పిలిచిన పేరు జే బెర్వాంగర్. ఆయన వృత్తి ఫుట్‌బాల్ ఒక్క ఆటైనా ఆడలేదు, ఉద్యోగం చూసుకున్నాడు. మొదటి రోజే శకునం అలా ఉంది. అయినా 1980లో ఈఎస్‌పీఎన్ దీన్ని టీవీలో చూపించడం మొదలుపెట్టింది, 1984 నుంచి మెల్ కైపర్ అనే ఆయన ఆ తెరమీద జోస్యం చెబుతూ వచ్చాడు. 1994లో ఇండియనాపొలిస్ జట్టు తను చెప్పిన కుర్రాణ్ని కాక ట్రెవ్ ఆల్బర్ట్స్‌ని తీసుకుందని కైపర్ తిట్టిపోస్తే, ఆ జట్టు అధికారి బిల్ టోబిన్ అదే చానల్లో "అసలీ కైపర్ ఎవరు?" అన్న ధోరణిలో విరుచుకుపడ్డాడు. పాపం, ఆల్బర్ట్స్ గాయాలతో మూడు సీజన్లకే ఆట మానేశాడు. టోబిన్ ప్రశ్నకి జవాబు ఇవాళ అమెరికాలో చిన్నపిల్లాడైనా చెబుతాడు.

మనవడి కాగితం చూస్తూ నాకొక సందేహం వచ్చింది. "ఇందులో నువ్వు చెబుతున్నది ఎవరు బాగా ఆడతారనా, ఎవర్ని తీసుకుంటారనా?" అని అడిగాను. వాడు నన్ను జాలిగా చూశాడు. "ఎవర్ని తీసుకుంటారో, తాతయ్యా. బాగా ఆడతారో లేదో నాకెలా తెలుస్తుంది?"

చూడబోతే ఆ తేడా పెద్దవాళ్లకే సరిగా తెలిసినట్టు లేదు. ఇవి రెండూ వేరువేరు జోస్యాలు. పిల్లవాడు ఎలాంటివాడో చెప్పడానికి కొలతలు బోలెడున్నాయి. ఏటా ఇండియనాపొలిస్‌లో వాళ్లని వరుసగా నిలబెట్టి పొడవు, బరువు, అరచెయ్యి వెడల్పు, 40 గజాల పరుగు అన్నీ కొలుస్తారు. మన పాతకాలం పెళ్లిచూపుల్లో కూడా అన్ని ప్రశ్నలు వెయ్యలేదు. కానీ ఫలానా జట్టు ఫలానా గురువారం రాత్రి ఏం చేస్తుందో చెప్పాలంటే కొలవాల్సింది 32 ఆఫీసుల మనసులు. ఆ ఆఫీసులు ఏప్రిల్ నెలంతా అబద్ధాలాడతాయి. ఆడక తప్పదు. నాకు కావలసినవాడి పేరు పైకి పొక్కితే నా ముందు వంతువాడు ఎగరేసుకుపోతాడు. కాబట్టి ఇష్టం లేనివాణ్ని పిలిచి విందు పెడతారు, కావలసినవాడి ఊసే ఎత్తరు. విలేఖరులకి అందే కబుర్లు కొన్ని నిజం, కొన్ని అందించిన అబద్ధం. వాటిని ఏరి జోస్యం రాసేవాడికి 32లో పది సరిపోతే ఆ ఏడు అతను గొప్పవాడే.

ఇందుకు నాకు బాగా నచ్చిన ఉదాహరణ శాన్‌ఫ్రాన్సిస్కో జట్టుది. 2021లో మూడో స్థానం దక్కించుకోవడానికి తమ మొదటి రౌండు వంతులు మూడు ధారపోశారు. బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ కోసమే అని అందరికీ తెలుసు. జోస్యుల్లో చాలామంది మ్యాక్ జోన్స్ అన్నారు. తీసుకున్నది ట్రే లాన్స్‌ని. జోస్యం తప్పింది, సరే. ఎంపిక కూడా తప్పింది. ఆ జట్టుకి లాన్స్ ఆరంభం నుంచి ఆడినవి నాలుగే ఆటలు. 2023లో నాలుగో రౌండు వంతు ఒకటి పుచ్చుకుని అతన్ని డాలస్‌కి ఇచ్చేశారు. మరి ఆ జట్టుకి క్వార్టర్‌బ్యాక్ ఎక్కడ దొరికాడనుకున్నారు? 2022 డ్రాఫ్టులో అందరికంటే ఆఖరున, 262వ పేరుగా పిలిచిన బ్రాక్ పర్డీ! 2024 ఫిబ్రవరిలో జట్టుని సూపర్ బౌల్ దాకా తీసుకెళ్లాడు. 2025లో అయిదేళ్లకి 265 మిలియన్ డాలర్ల ఒప్పందం రాసిచ్చారు.

2017లో నోబెల్ అందుకున్న ఆర్థికవేత్త రిచర్డ్ థేలర్, కేడ్ మాసీ అనే మరో ఆచార్యుడితో కలిసి ఈ ఎంపికల లెక్కలు తీశాడు. ఒకే స్థానంలో ఆడే ఇద్దరిలో ముందు పిలిచినవాడు, వెంటనే తర్వాత పిలిచినవాడికంటే మెరుగ్గా తేలే అవకాశం నూటికి 52. బొమ్మా బొరుసూ వేస్తే 50. ఆ రెండు కోసం ఏడాది పొడవునా ఎంత జీతాల ఖర్చో!

ఇదంతా సరదాగానే ఉండేది, ఆ కాగితం మీద ఉన్నవి మనుషుల పేర్లు కాకపోతే. 2005లో ఆరన్ రాడ్జర్స్‌ని మొదటి పేరుగా పిలవచ్చని చాలామంది రాశారు. మొదటి పిలుపు అలెక్స్ స్మిత్‌కి వెళ్లింది. రాడ్జర్స్ న్యూయార్క్‌లో, కెమెరాల ఎదుట, మిగతా పిల్లలంతా ఒక్కొక్కరే లేచి వెళ్లిపోతుంటే గంటలకొద్దీ కూర్చున్నాడు. 24వ పిలుపు అతనిది. 2023లో విల్ లెవిస్ కథ మరీ అన్యాయం. పేరు తెలియని ఎవరో ఇంటర్నెట్‌లో రాసిన ఒక ముక్కకి పందేల లెక్కలు తారుమారై, అతను మొదటివాడే కావచ్చన్న ప్రచారం లేచింది. కుర్రాడు గురువారం రాత్రంతా కూర్చున్నాడు. మొదటి రౌండు అయిపోయింది, పేరు రాలేదు. మర్నాడు 33వ పేరుగా పిలిచారు. ఆలోచించి చూడండి, కొన్ని వేలమంది కాలేజీ ఆటగాళ్లలో 33వవాడు! మన ఇళ్లలో రాష్ట్రంలో 33వ ర్యాంకు వస్తే వీధంతా లడ్డూలు పంచుతాం. అతనికి మాత్రం అది అవమానం కింద జమైంది, పైన ఎవరో రాజపూజ్యం రాసిపెట్టారు కాబట్టి.

ఏప్రిల్ 24 సాయంత్రం ఏడు గంటలకి (మీకు మర్నాడు పొద్దున్న అయిదున్నర) మా అమ్మాయి మిరపకాయ బజ్జీలు వేసింది. మూడు కాగితాలు బల్లమీదకొచ్చాయి. వాడిదొకటి, వాళ్ల నాన్నదొకటి, వాడి బలవంతం మీద నాదొకటి. ఇంటికి పది నిమిషాల దూరంలో, అదే ఊళ్లో, డాలస్ కౌబాయ్స్ జట్టు ప్రధాన కార్యాలయంలో అప్పుడే వాళ్లూ ఇలాగే బల్లచుట్టూ కూర్చుని ఉంటారు. వాళ్ల బజ్జీల సంగతి తెలియదు.

మొదటి పేరు క్యామ్ వార్డ్, టెన్నెసీకి. ముగ్గురికీ పాయింటు. నాకు ఆ రాత్రి దక్కింది అదొక్కటే. రెండో పేరు ట్రావిస్ హంటర్. మనవడు హంటర్‌ని రెండోచోటే రాశాడు గానీ క్లీవ్‌లాండ్‌కి రాశాడు. చివరి నిమిషంలో ఆ వంతుని జాక్సన్‌విల్ కొనేసుకుంది. సగం పాయింటు ఇవ్వమని వాడు, కుదరదని వాళ్ల నాన్న, అయిదు నిమిషాలు. అబ్దుల్ కార్టర్, విల్ క్యాంప్‌బెల్, ఆష్టన్ జెంటీ వాడు రాసినట్టే వెళ్లారు. డాలస్‌కని రాసుకున్న మెక్‌మిలన్‌ని ఎనిమిదో వంతులో కరొలైనా తన్నుకుపోయింది. పన్నెండో వంతులో డాలస్ టైలర్ బుకర్ని తీసుకుంది. బంతి విసిరేవాణ్ని ఎవరూ పడగొట్టకుండా అడ్డం నిలబడే పని అతనిది. ఇల్లు కట్టేటప్పుడు పునాదికి ఖర్చుపెట్టడం లాంటిదని నాకనిపించింది. మనవడికి మాత్రం ఏడుపొక్కటే తక్కువ.

21వ వంతు పిట్స్‌బర్గ్‌ది. వాడి కాగితంలో అక్కడ షెడూర్ శాండర్స్ అని ఉంది. కైపర్ సహా చాలామంది అతన్ని మొదటి రౌండులోనే పెట్టారు. తండ్రి డియాన్ శాండర్స్ 1989లో అయిదో పేరుగా వెళ్లిన మహా ఆటగాడు. కొలరాడో విశ్వవిద్యాలయంలో కొడుక్కి కోచ్ కూడా ఆయనే. ఇందాక రెండోవాడిగా వెళ్లిన హంటరూ ఆ జట్టువాడే. పిట్స్‌బర్గ్ ఇంకొకరిని తీసుకుంది. 32 పేర్లూ అయిపోయాయి. శాండర్స్ పేరు రాలేదు. మనవడు ఆరు పాయింట్లతో గెలిచాడు, కానీ గెలిచినవాడి ముఖంలా లేదు.

శుక్రవారం రెండో రౌండు, మూడో రౌండు. రాలేదు. క్లీవ్‌లాండ్ 94వ వంతులో వేరే క్వార్టర్‌బ్యాక్‌ని తీసుకుంది. టీవీలో కైపర్ జట్లమీద నిప్పులు కక్కుతూనే ఉన్నాడు. ఆ కుర్రాడు టెక్సస్‌లోనే, వాళ్లింట్లో, చుట్టాలూ స్నేహితులూ చూస్తుండగా ఎదురుచూస్తున్నాడు. ఎందుకు తీసుకోలేదన్నదానికి మాటతీరన్నారు, తండ్రి పేరన్నారు, ఆటలో లోపాలన్నారు. 32 జట్లలో ఏది ఏమనుకుందో ఎవరు చెప్పగలరు? కానీ అతన్ని మొదటి రౌండులో రాసినవాళ్లెవరూ ఆ మూడురోజులు సోఫాలో ముళ్లమీద కూర్చోలేదు. వాళ్లు అప్పటికే 2026 జాబితా మొదలుపెట్టారు.

శనివారం మధ్యాహ్నం అయిదో రౌండులో, 144వ పేరుగా, క్లీవ్‌లాండ్ పిలిచింది. అన్నం తింటున్నవాడల్లా లేచి, ఎంగిలి చేత్తోనే ఫ్రిజ్ దగ్గరికి వెళ్లి, 32 కింద ఖాళీలో 144 అని వేసి పేరు రాశాడు. వాళ్లమ్మ చెయ్యి కడుక్కోమని అరిచింది.

పిట్స్‌బర్గ్ ఆ జూన్‌లో ఒక క్వార్టర్‌బ్యాక్‌ని తెచ్చుకుంది. ఎవరో కాదు, 41 ఏళ్ల ఆరన్ రాడ్జర్స్. ఇరవయ్యేళ్లకింద న్యూయార్క్‌లో అలా కూర్చున్న కుర్రాడే.

నవంబరు 24న, నేను ఇంటికి తిరిగి వచ్చిన చాన్నాళ్లకి, సోమవారం తెల్లవారి ఫోను మోగింది. శాండర్స్ మొదటిసారి ఆరంభం నుంచి ఆడాడట. క్లీవ్‌లాండ్ 24-10తో గెలిచిందట. ఆ గొంతులో ఉత్సాహం చూస్తే గెలిచింది వాడేననిపించింది. ఆ కాగితం ఇంకా ఫ్రిజ్ మీదే ఉందా అని అడిగాను. అమ్మ తీసేసిందట. 2026ది అంటించాడట.

"మొదటి పేరు ఎవరిది?" అన్నాను.

"పెన్సిల్‌తో రాశా తాతయ్యా, ఇంకా టైముందిగా" అన్నాడు.